కరూలో పనిచేసే కూతురికి అమ్మ ఉత్తరం

అమలాపురం,
పరాభవ నామ సంవత్సరం, ఆషాఢ మాసం.

చిరంజీవి సుధకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాం. నీ క్షేమం నీ నోటి మాటగా తెలిసి మాత్రం చాలా వారాలైంది. టెలిస్కోపులున్న చోట ఫోన్లు వాడకూడదని, దక్షిణాఫ్రికాలోని ఆ కరూ మెట్టలో రేడియో సందడి లేకుండా చూడడానికి అక్కడి ప్రభుత్వం 2007లోనే ప్రత్యేకంగా చట్టం చేసిందని నీవు ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు విడమరచి చెప్పావు. ఆ మాట గుర్తు పెట్టుకొనే ఇన్నాళ్ళూ ఓపిక పట్టాం. అయితే అక్కడి పని ముగించుకొని నీవు ఈపాటికి కేప్‌టౌన్‌కు తిరిగి వచ్చి ఉంటావని మీ నాన్నగారు అంటున్నారు. కాకినాడ పిన్ని ఫోనులో ఒక సంగతి చెప్పింది, దాన్ని తరువాత వ్రాస్తాను. నిన్ను నిలదీయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. నీవు చేసే పని గురించి ఈ మధ్య నేను చదివినవి, ఆలోచించినవి కొన్ని ఉన్నాయి. వాటిని నీతో పంచుకోవాలనిపించింది.

ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు 5 వేలకు పైగా బయటపడ్డాయి కనుక, వాటిలో ఎక్కడో ఒకచోట ప్రాణం ఉండవచ్చునన్న ఆశ నాకూ ఉంది. ఆ ఆశకు గట్టి ఆధారం నీవున్న దేశపు నేల అడుగుననే దొరికిందని చదివినప్పుడు చాలా సంతోషించాను. జొహన్నెస్‌బర్గ్‌కు నైరుతి దిక్కున ఉన్న ఎంపోనెంగ్ బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్ళలో చిక్కుకున్న నీటిలో దాదాపు ఒంటరిగా బతికే ఒక బాక్టీరియా ఉన్నదని 2008లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దానికి ఎండ అక్కరలేదు, ప్రాణవాయువు అక్కరలేదు. రాతిలోని యురేనియం నుంచి వెలువడే రేడియోధార్మిక కిరణాలు నీటి అణువులను విడగొట్టినప్పుడు పుట్టే హైడ్రోజనుతో, రాళ్ళలోని సల్ఫేటుతో అది జీవిస్తుంది. గురుగ్రహపు చంద్రుడైన యూరోపా మీద, శనిగ్రహపు చంద్రుడైన ఎన్‌సెలాడస్ మీద మంచు పొరల అడుగున సముద్రాలున్నాయంటున్నారు కదా, వెలుగు చేరని అటువంటి చోట్ల ప్రాణం ఎలా నిలుస్తుందని అడిగేవారికి ఈ బాక్టీరియా కన్నా మంచి జవాబు నాకు కనిపించలేదు. అలాగే ఎస్వాటినీ సరిహద్దున ఉన్న బార్బర్టన్ మఖోంజ్వా కొండల్లో 300 కోట్ల సంవత్సరాలకు పైబడిన రాళ్ళలో తొలి సూక్ష్మజీవుల జాడలు కనిపిస్తాయట. అంగారకుడి మీద ఏమి వెదకాలో నేర్చుకోవాలనుకునేవారు ముందుగా ఆ రాళ్ళను పరిశీలిస్తారు. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సెలవు దొరికితే అక్కడికి వెళ్ళు తల్లీ. రాను పోను ఖర్చు నేను పంపిస్తాను. దూర ప్రయాణమంటే దేశాలు దాటిపోవాలనే నియమమేమీ లేదు.

నీ మీర్‌కాట్ టెలిస్కోపు గురించి కూడా చదివాను. ఒక్కొక్కటి 13.5 మీటర్ల వెడల్పున్న 64 డిష్షులు కలిసి ఒకే చెవిగా పనిచేస్తాయని, 2022 డిసెంబరు నుంచి బ్రేక్‌త్రూ లిజన్ బృందం అదే సమాచారాన్ని తీసుకొని, ఇతరుల పరిశీలనలకు అడ్డు రాకుండా, దగ్గరలోని పది లక్షల నక్షత్రాల వైపు నుంచి ఎవరైనా పంపిన సంకేతం ఉందేమోనని వెదుకుతున్నదని తెలుసుకున్నాను. అందులో నా మనసుకు బాగా పట్టినది మీరు పాటించే జాగ్రత్త. ఏ సంకేతం వచ్చినా, అది మన ఫోనుదో, మన ఉపగ్రహానిదో, మన యంత్రానిదో కాదని తేలేవరకు మీరు దాన్ని నమ్మరు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో ఏళ్ళ తరబడి అంతుచిక్కని కొన్ని సంకేతాలు, పని పూర్తికాకముందే మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తెరవడం వల్ల పుట్టినవని 2015లో తేలింది. అదే టెలిస్కోపు 2019లో ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం దిక్కు నుంచి పట్టిన సంకేతం కూడా మన భూమి మీదిదేనని 2021లో శాస్త్రవేత్తలే ప్రకటించారు. తమకు ఎంతో ఇష్టమైన జవాబు ఎదుట నిలిచినా, అది తమ గొంతే తిరిగి వినిపిస్తున్నదేమోనని అనుమానించగలగడం గొప్ప చదువు. ఆ చదువు నీకుంది. అందుకే పిన్ని చెప్పిన సంగతి విన్నప్పటినుంచి నా మనసు స్థిమితంగా లేదు.

ఆ సంగతి ఏమంటే, నీవు సెలవు పెట్టి, ఎవరో కొందరితో కలిసి వచ్చే ఏడాది మాలీ దేశంలో డోగోన్ ప్రజల సిగుయి ఉత్సవానికి వెళ్ళబోతున్నావని రవి ఎవరి దగ్గరో విన్నాడట. డోగోన్ల పూర్వీకులకు లుబ్ధక (సిరియస్) నక్షత్రం నుంచి దిగివచ్చిన జీవులు విద్య నేర్పారని ఆ బృందం వారు నమ్ముతారట. రవి మాటల్లో సగం తీసివేయాలని నాకు తెలుసు. మిగిలిన సగం నిజమైనా నేను చెప్పవలసినది చాలా ఉంది.

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్ 1946లో బండియాగరా కొండచరియల దగ్గర, చూపు కోల్పోయిన ఒగొతెమ్మెలి అనే వృద్ధ వేటగాడితో కూర్చొని డోగోన్ల సృష్టిగాథలు విన్నాడు. 1950లో ఆయన, జెర్మెయిన్ డీటెర్లెన్ కలిసి ప్రచురించిన వ్యాసంలో, లుబ్ధకానికి చిన్నదీ మహా బరువైనదీ అయిన ఒక తోడు నక్షత్రం ఉన్నదని, అది 50 ఏళ్ళకొకసారి చుట్టు తిరుగుతుందని డోగోన్లకు తెలుసునని వ్రాశారు. ఆ తోడు నక్షత్రం కంటికి కనిపించదు. దానిని 1862లో అమెరికాలో టెలిస్కోపుతో చూశారు. 1976లో రాబర్ట్ టెంపుల్ అనే రచయిత, నీటిలోనూ నేలమీదా మెలగగల జీవులెవరో అక్కడి నుంచి వచ్చి చెప్పి ఉంటేనే డోగోన్లకు ఆ సంగతి తెలిసే వీలుందని వాదించాడు. ఈ కథ చెప్పే ఇప్పటి వీడియోలన్నీ ఆ ఊట నుంచి పుట్టినవే.

లుబ్ధకం వయసు సుమారు 25 కోట్ల సంవత్సరాలేనని నీకు నేను చెప్పనక్కరలేదు. దాని తోడు నక్షత్రం ఒకప్పుడు పెద్దదై, ఉబ్బి, పైపొరలను విదిలించుకొని కుంచించుకుపోయిన తార. మన భూమికి 450 కోట్ల ఏళ్ళు గడిస్తే గాని ఆకాశం వైపు చూసి ప్రశ్న వేయగల ప్రాణి రాలేదు. అటువంటిది, అంత లేతదీ అంత అల్లకల్లోలం చూసినదీ అయిన తారల జంట దగ్గర బోధకులు పుట్టి పెరిగారంటే నీవు ఎలా నమ్ముతావు? వాల్టర్ వాన్ బీక్ అనే డచ్చి మానవశాస్త్రవేత్త డోగోన్ల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, 1991లో తన పరిశీలనలు ప్రకటించాడు. గ్రియోల్ వ్రాసిన ఆ రహస్య జ్ఞానం ఊళ్ళలో ఎవరికీ తెలియదని, ఆ నక్షత్రం ఏదన్న విషయంలో గ్రియోల్‌తో మాట్లాడినవారే ఒకరితో ఒకరు ఏకీభవించలేదని, దాని గురించి తాము గ్రియోల్ దగ్గరే విన్నామని మాత్రం అందరూ ఒప్పుకున్నారని ఆయన వ్రాశాడు.

ఇది చదివినప్పుడు మా నాన్న, అంటే మీ తాతగారు, గుర్తుకు వచ్చారు. ఈ కథ నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. నేను చిన్న తరగతుల్లో ఉన్న రోజులవి. పట్నం నుంచి ఒక పరిశోధకుడు భుజాన టేపు రికార్డరు వేసుకొని, పల్లెటూరి వాళ్ళ నక్షత్ర జ్ఞానాన్ని సేకరిస్తున్నానని మన పాతింటి అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు. అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన సంచిలోంచి రంగుల బొమ్మల పుస్తకం తీసి, వలయాలున్న శనిగ్రహాన్ని చూపించి, ఇలా శనికి ఉంగరం ఉన్నదని మీ పెద్దలు చెప్పేవారా అని అడిగాడు. తాతగారు బొమ్మ వైపు చాలాసేపు చూసి, అనే ఉంటారండీ అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. మరి దాన్ని మీరు ఏమని పిలిచేవారని అడిగితే, తాతగారు కాసేపు తటపటాయించి, కడియం అనేవారేమోనండీ అన్నారు. ఆయన ఆ మాటను రెండుసార్లు చెప్పించుకొని టేపులో ఎక్కించుకున్నాడు. భోజనం చేసి, పెసరట్లు కట్టించుకొని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. అతిథి వీధి మలుపు తిరిగాక, ఎందుకలా చెప్పావని అమ్మమ్మ అడిగింది. అంత ఎండలో అంత దూరం నుంచి వచ్చిన మనిషిని లేదని ఎలా పంపను అని తాతగారి జవాబు. కొన్నాళ్ళకు ఒక పత్రికలో, గోదావరి రైతులకు తరతరాలుగా శని వలయాలు తెలుసునని, వాటిని వారు కడియమంటారని వ్యాసం వచ్చింది. దాన్ని చదివి మరికొందరు వచ్చారు. ఆ తరువాత మా వీధి పిల్లలే శనికడియం గురించి బడిలో చెప్పడం మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్ళకు తాతగారు కూడా దాన్ని తన తాత చెప్పిన మాటగానే చెప్పేవారు. ఆయన అబద్ధమాడుతున్నారని ఎవరికీ అనిపించలేదు, ఆయనకే అనిపించలేదు.

అయితే తాతగారికి నిజంగా తెలిసినదాన్ని ఆ వచ్చినవారిలో ఒక్కరూ అడగలేదు. దాళ్వా రోజుల్లో కాలువ చివరి పొలాలకు వంతు నీళ్ళు రాత్రిపూట వచ్చేవి. గడియారం లేని ఆ చీకట్లో, పిల్లలకోడి అనే చుక్కల గుంపు ఏ తాడిచెట్టు మీదికి వాలితే ఎవరి వంతు ముగుస్తుందో, తెల్లవారే ముందు ఏ చుక్క పొడిస్తే మడవ మార్చాలో ఆయన చెప్పేవారు. ఆ మాటకు ఎదురు చెప్పిన రైతు లేడు. నీటి తగవులతో తలలు పగలకుండా ఆపిన జ్ఞానమది. అది టేపులోకి ఎక్కలేదు, ఆయనతోనే పోయింది.

సుధా, టెలిస్కోపు దగ్గర మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుందేమోనని అంత భయపడే నీవు, మనుషుల దగ్గర ఆ భయం వదిలివేయకు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇంతే అంటూనే ఇంకా వ్రాస్తున్నానని నీవు అనుకోవచ్చు, కాని ఇందులో మరో అన్యాయం ఉంది. నేను సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కనుక అది నాకు తట్టినంతగా నీకు తట్టకపోవచ్చు. జింబాబ్వేలో గ్రేట్ జింబాబ్వే అనే రాతి నగరం ఉంది. సుమారు 250 మీటర్ల చుట్టుకొలతతో, కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తుకు, సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అందులో ఉంది. దాన్ని షోనా ప్రజల పూర్వీకులు కట్టారు. కాని 1871లో దాన్ని చూసిన కార్ల్ మౌచ్ అనే జర్మన్ యాత్రికుడు, ఆఫ్రికావాళ్ళు ఇంత పని చేయలేరని తలచి, బైబిల్లోని షేబా రాణి పేరు తెచ్చాడు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థామ్సన్ తవ్వి చూసి, అది ఆఫ్రికావాళ్ళ పనేనని ఆధారాలతో చెప్పారు. అయినా అప్పట్లో రొడీషియా అని పిలిచిన ఆ దేశంలోని తెల్లవారి ప్రభుత్వానికి ఆ నిజం గిట్టలేదు. ఆ నిజం చెప్పిన పురాతత్వవేత్త పీటర్ గార్లేక్ 1970లో ఆ దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు షేబా రాణికి కట్టబెట్టిన పేరును ఇప్పుడు లుబ్ధకవాసులకు కట్టబెడుతున్నారు. ఎవరికి కట్టబెట్టినా పోయేది ఆఫ్రికావాడి పేరే. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకు తోటలకు 1860 నుంచి ఓడల మీద తరలిన మన తెలుగువారి సంతతి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, ఎన్ని కష్టాల్లోనూ భాషను, భజనలను నిలుపుకుంటూ వచ్చారు. అది వారి పట్టుదల కాదు, పైనుంచి ఎవరో వచ్చి నిలబెట్టారని అంటే నీకు కోపం రాదా?

డోగోన్ల దగ్గర నేర్చుకోవలసినది లేదని నేను అనడం లేదు. వారి ఊళ్ళలో పెద్దలు కూర్చునే తోగునా అనే చావడికి కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, వాదన ముదిరి ఎవరైనా కోపంతో లేవబోయినా నిలబడడానికి వీలుండదు, మళ్ళీ కూర్చొని మాట్లాడవలసిందే. సాయంత్రం ఇసుకలో గీతలు గీసి, తమ ప్రశ్నలను పుల్లలతో గుర్తులుగా పెట్టి, వేరుశనగ గింజలు చల్లి వెళ్ళి, రాత్రి నక్క నడిచిన అడుగులను బట్టి మరునాటి పొద్దున జవాబు చదువుకునే సోదెగాళ్ళు వారికి ఉన్నారు. రాత్రంతా జవాబు కోసం ఆగే ఆ ఓపిక నాకు ఎంతో గౌరవించదగినదిగా కనిపించింది. నక్షత్రాల బోధకుల కథ వినడానికి వెళ్ళినవాడికి ఈ చావడి, ఈ నక్క అడుగులు కనిపించవు.

పైగా నీ డిష్షులు నిలిచిన నేల కూడా ఒకప్పుడు క్సామ్ అనే వేటగాళ్ళది. వారిలో కబ్బో అనే పెద్దమనిషి ఖైదీగా కేప్‌టౌన్‌కు వచ్చి, 1871 నుంచి విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్ అనేవారికి తన జాతి కథలు చెప్పాడు. శిక్ష ముగిసినా ఇంటికి వెళ్ళక, తన వాళ్ళ కథలు పుస్తకాల్లో నిలవాలని 1873 దాకా అక్కడే ఉండిపోయాడు. పాలపుంత ఎలా వచ్చిందో చెప్పే క్సామ్ కథ ఒకటి ఆ సేకరణలోనే ఉంది. పూర్వయుగపు పిల్ల ఒకతె పొయ్యిలోని బూడిదను ఆకాశంలోకి విసిరిందట, రాత్రిపూట ఇళ్ళకు తిరిగివచ్చేవారికి దారి కనిపించాలని. ఈనాడు ఆ భాష మాట్లాడేవారు లేరు, దక్షిణాఫ్రికా రాజచిహ్నం మీది సూక్తి మాత్రం 2000 నుంచి ఆ భాషలోనే ఉంది. లాయిడ్, బ్లీక్‌ల నోటు పుస్తకాలు కేప్‌టౌన్‌లో, నీకు అందుబాటులోనే ఉన్నాయి. అవి చదివావా? అక్కడి గొర్రెల పాలెకాపులతో, కార్నార్వన్ ఊరివారితో ఎప్పుడైనా కూర్చొని మాట్లాడావా? వేల మైళ్ళ అవతలి మాలీకి వెళ్ళాలనుకున్నవారికి ఇంటి పక్క మనుషుల మాట ముందు తెలిసి ఉండాలి.

హైదరాబాదు నుంచి బెలూన్లు ఎగరేసి 41 కిలోమీటర్ల ఎత్తుదాకా గాలి సేకరించిన మనవారి ప్రయోగం నీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థల పరిశీలనలో కొత్త బాక్టీరియా జాతులు మూడు దొరికాయని 2009లో ప్రకటించినప్పుడు, అవి భూమి అవతలివని దీనితో తేలినట్టు కాదని ఇస్రో స్పష్టంగా చెప్పింది. పరలోకపు ప్రాణి దొరికిందని చాటుకోవడానికి అంతకు మించిన అవకాశం రాదు, అయినా వారు నోరు అదుపులో పెట్టుకున్నారు. నీవు ఆ దారిలోని దానివి.

ఇక ప్రయాణం సంగతి. మాలీలో 2012 నుంచి సాయుధ ఘర్షణలు ఆగలేదు. డోగోన్ల బండియాగరా ప్రాంతం వాటితో నలిగిపోయింది. 2025 జూలైలో కాయెస్‌లోని ఒక సిమెంటు కర్మాగారం నుంచి ముగ్గురు భారతీయులను తుపాకులు పట్టినవాళ్ళు ఎత్తుకుపోయారు. అక్కడి జనానికే లేని భద్రత, కెమెరాలు పట్టుకొని వచ్చిన కొత్తవాళ్ళకు ఎక్కడి నుంచి వస్తుంది? సిగుయి 60 ఏళ్ళకొకసారి వస్తుంది, 1967లో మొదలై 1973 దాకా ఊరి నుంచి ఊరికి సాగింది, మళ్ళీ 2027లో రావాలి, తప్పితే మరొకసారి చూడలేమని నీవు వాదిస్తావు. నాకు తెలుసు. 1967 మన లెక్కలో ప్లవంగ, మీ నాన్నగారు పుట్టిన సంవత్సరం. వచ్చే ఉగాదితో మళ్ళీ ప్లవంగ వస్తుంది. ఆయన షష్టిపూర్తికి సూరత్తయ్య అప్పుడే ముహూర్తాల మాట ఎత్తుతున్నది. పీటల మీద కూర్చునేటప్పుడు కూతురు పక్కన లేకపోతే ఆయన ఏమీ అనరు, అదే నా బెంగ. డోగోన్లకు తమ పండుగను తాము చేసుకోవడానికి నీవు అవసరం లేదు తల్లీ, ఈ ఇంటికి నీవు అవసరం.

అక్కడ ఇప్పుడు చలికాలం. కరూలో రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టే చలి ఉంటుందని చదివాను. క్రిందటిసారి నీకు పట్టిన ఆ పొడిదగ్గు తగ్గిందో లేదో వ్రాయలేదు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, కొత్త ఆవకాయ, సున్నుండలు కట్టి ఉంచాను. పిన్ని ఆడపడుచు కొడుకు వచ్చే నెల జొహన్నెస్‌బర్గ్ వస్తున్నాడు, అతని చేతికి ఇస్తాను. ఆవకాయ సీసా మూత మైనంతో మూశాను. సామాను తనిఖీలో తీయనివ్వవద్దని అతనికి చెప్పాను. జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకున్నావని రవి అన్నాడు, చెవులకు చలి తగలకుండా కప్పుకో. కళ్ళద్దాల పవరు పరీక్షించుకొని ఎంత కాలమైందో చూసుకో, రాత్రంతా తెరల ముందు కూర్చునే ఉద్యోగం నీది.

సెలవుకు దరఖాస్తు పెట్టావా, మాలీకి టికెట్టు కొన్నావా, ఆ బృందం వారెవరు, ఈ మూడింటికీ సూటిగా జవాబు వ్రాయి. కొని ఉంటే రద్దు చేసినందుకు పోయే డబ్బు గురించి ఆలోచించవద్దు, మేము సర్దుతాం. ఫోను చేస్తే ఆదివారం ఉదయం చేయి. నీకు ఏడు గంటలైతే మాకు పదిన్నర, మీ నాన్నగారు గుడి నుంచి వచ్చి ఉంటారు, ముందు ఆయనతో మాట్లాడు.

ఆశీస్సులతో,
అమ్మ